రోగిని కాచువారిని కాచువారెవరు?

ప్రాచీనులు చికిత్సకు నాలుగు పాదములు చెప్పిరి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి - ఈ నాలుగును గుణసంపన్నములైనగాని వ్యాధి శమింపదని చరకసంహిత సూత్రస్థానమున నిర్ణయింపబడియున్నది. పరిచారకునకు ఉండవలసిన గుణములును నాలుగే యని అందు చెప్పబడినది: ఉపచారజ్ఞత, దక్షత, రోగియెడ అనురాగము, శుచిత్వము. మంచమునకు నాలుగు కోళ్లున్నట్లే చికిత్సకు ఈ నాలుగు పాదములు. మూడు కోళ్లను మేలైన టేకుతో చేయించి, నాలుగవదానికి బదులు ఇటుకముక్కను పెట్టిన మంచముమీద ఎవరును నిశ్చింతగా నిద్రింపజాలరు. నేడు మన వైద్యశాలలలో జరుగుచున్నది ఇదియే యని మేము చెప్పినచో, పాఠకులు తొందరపడి మమ్ము నిందింపక, ఈ వ్యాసమును తుదివఱకు చదువ వేడుచున్నాము.

ఏటేట మే నెల 12వ తేదీన ప్రపంచమంతట నర్సుల దినము జరుపబడుచున్నది. 1820లో ఆ దినముననే ఫ్లారెన్సు నైటింగేలు జన్మించెను. ఆనాడు మన పట్టణములలోను సభలు జరుగును, క్రొవ్వొత్తులు వెలిగింతురు, శాలువలు కప్పుదురు, నర్సులు దేవతలనియు, త్యాగమూర్తులనియు వక్తలు కొనియాడుదురు. మఱునాటి రాత్రి ఆ శాలువ కప్పించుకొన్న యామెయే పనికి బోయి, ప్రాణాపాయములో నున్న ముగ్గురు రోగులను ఒంటరిగా చూచుకొనును. దేవతకు ఆకలి లేదు, నిద్ర లేదు, జీతముతో పని లేదు. మనుష్యులను దేవతలని పిలుచుటలో గల సౌకర్యము ఇదియే కాబోలు! ఆ పొగడ్తకును ఈ పనికిని నడుమ గల దూరమును గూర్చియే నేడు వ్రాయదలచితిమి.

వైద్యశాలలోని వైద్యశాల

ఐ.సి.యు. అను మాట నేడు పల్లెటూరి వారికిని తెలియును. ఎకరము అమ్మియైనను తండ్రిని అందు చేర్పింపని కొడుకు లేడు. కాని ఆ గది ఎట్లు పుట్టినదో తెలిసినవారు కొందఱే. 1952లో డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెను నగరమున పోలియో వ్యాధి విజృంభించెను. ఊపిరి పీల్చు కండరములు చచ్చుపడి రోగులు కన్నులయెదుటనే మరణించుచుండిరి. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు, గొంతునకు రంధ్రము చేసి గొట్టము నమర్చి, రబ్బరు సంచితో ఊపిరితిత్తులకు గాలిని పంపవచ్చునని చూపెను. అందఱకు చాలునన్ని యంత్రములు లేవు. వైద్యవిద్యార్థులు వందలకొలది ముందుకు వచ్చి, వంతులు వేసికొని, రేయింబవళ్లు రోగి ప్రక్కన కూర్చుండి చేతితో సంచిని నొక్కుచు ఊపిరి పోసిరి. మరణములు గణనీయముగా తగ్గెను. ఆ యనుభవము పురస్కరించుకొని, ఇట్టి రోగులందఱను ఒకచోట జేర్చి క్షణక్షణము కనిపెట్టియుండు విభాగమును 1953 డిసెంబరులో ఆయన ఆ నగరమున నెలకొల్పెను. నేటి ఐ.సి.యు.లకు అదియే మాతృక.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది యొకటి కలదు. ఆ గదికి మొదట వచ్చినది మనుష్యుని చేయి. యంత్రము తరువాత వచ్చినది. ఐ.సి.యు. యనగా యంత్రముల గది కాదు. ఎడతెగక కనిపెట్టియుండు మనుష్యుల గది. ఆ మనుష్యులలో ముఖ్యురాలు నర్సు.

ఆమె గడపు రాత్రి ఎట్టిదో పాఠకులలో ననేకులు అద్దపు తలుపు వెలుపలనుండి మాత్రమే చూచియుందురు. గంటగంటకును నాడి, రక్తపుపోటు, శ్వాస, రక్తములోని ప్రాణవాయువు, వెడలిన మూత్రము కొలిచి పట్టికలో వ్రాయవలెను. రక్తపుపోటును నిలుపు మందు అతిసూక్ష్మమైన మోతాదున యంత్రముద్వారా ఎక్కుచుండును. దాని ధార తెగిన కొలది నిమిషములలోనే ప్రాణము మీదికి వచ్చును. గొంతులోని గొట్టమున కఫము చేరిన వెంటనే లాగివేయవలెను. రెండేసి గంటలకొకమాఱు రోగిని ప్రక్కకు త్రిప్పకున్న వీపున పుండ్లు పడును. స్మృతిలేనివాని నోటిని శుభ్రపఱుపకున్న ఆ మాలిన్యమే ఊపిరితిత్తులకు దిగి క్రొత్త వ్యాధియగును. ఇంతలో నొక యంత్రము మ్రోగును. అది ఆపదయో, తీగ వదులగుటయో పోయి చూచినగాని తెలియదు. రాత్రి యంతయు ఇట్టి మ్రోతలు లెక్కలేనన్ని. అందు నిజమైన ఆపదలు కొన్నియే. కాని ఏది నిజమో ముందుగా తెలియదు గావున ప్రతి మ్రోతకును పరుగెత్తవలసినదే.

గొంతులో గొట్టము గల రోగి మాటలాడలేడు. కనుబొమ్మ ముడినిబట్టి నొప్పిని గ్రహించునది నర్సు. వైద్యుడు వచ్చి చూచి పోవును. బంధువు పావుగంట నిలిచి పోవును. పూట యంతయు మంచము ప్రక్కన ఉండునది ఆమె. రోగి మరణించినపుడు గొట్టములు తీసి, దేహమును తుడిచి, దుప్పటి కప్పి, వెలుపల ఏడ్చుచున్న వారికి అప్పగించునదియు ఆమెయే. ఒక్కొక్కప్పుడు గంట గడవకముందే ఆ మంచముమీదికి మఱియొక రోగి వచ్చును. ఆమె తన కన్నీరు తుడుచుకొనుటకు ఆ గంటల పట్టికలో గడి లేదు.

మేము చూచిన రాత్రి

ఒక జిల్లా పట్టణమున, పేరు చెప్పనక్కఱలేని ఒక ప్రైవేటు వైద్యశాలలో మేము చూచినదానిని ఇచట వ్రాయుదుము. బంధువు నొకరిని చూడబోయి ఐ.సి.యు. వెలుపలి వరండాలో ఒక రాత్రి గడపవలసివచ్చెను. మా ప్రక్కన ఒక రైతు కూర్చుండియుండెను. ఆయన తండ్రి లోపల నుండెను. రాత్రి పదిగంటలకు నర్సు తలుపు తెఱచుకొని వచ్చినపుడు ఆయన లేచి, “సిస్టరమ్మా, మా నాయనకి ఎట్టా ఉందమ్మా?” అని యడిగెను. “ఇప్పుడే చూసొచ్చి చెప్తానండీ” అని యామె లోనికి బోయెను. పండ్రెండు కొట్టెను, రాలేదు. రెండు కొట్టెను; రాలేదు. రైతునకు కోపము వచ్చెను. “డబ్బు కట్టించుకునేటప్పుడు ఉన్న మర్యాద ఇప్పుడు లేదు” అని బిగ్గఱగా ననెను. మేమును మనస్సులో ఔననుకొంటిమి.

తెల్లవాఱుజామున ఐదుగంటలకు ఆమె తానై వచ్చెను. కన్నులు ఎఱ్ఱవాఱియుండెను. “ఏమీ అనుకోకండి బాబాయిగారూ, రాత్రంతా మూడు బెడ్లు నేనొక్కదాన్నే చూశాను. ఒక పెద్దాయన పోయారు. మీ నాన్నగారికి కాస్త తేరుకుంది. ఇందాక కళ్లు తెరిచి మీరెక్కడున్నారని అడిగారు” అని చెప్పెను. రైతు తువాలుతో మొగము తుడుచుకొని, “తెలియక నోరు జారాను తల్లీ, నీకు దణ్ణం పెట్టాలి” అనెను. ఆమె చెప్పిన మాట మేము మఱవలేదు: “దణ్ణాలెందుకు బాబాయిగారూ. రాత్రిపూట ఇంకో మనిషిని వెయ్యమని ఆఫీసులో ఒక్క మాట చెప్పండి. మేం చెప్తే వినరు.”

ఆమె అడిగినది పొగడ్త కాదు, ఇంకొక మనిషిని. ఈ వ్యాసమంతయు ఆ మాటకు వ్యాఖ్యానమే.

నూనె యింకిన దీపము

ఇట్టి పనిలో కొన్నియేండ్లు గడచిన పిదప మనస్సునకు కలుగు స్థితికి పాశ్చాత్యులు బర్నౌటు అని పేరు పెట్టిరి. 1974లో న్యూయార్కు నగరపు ఉచిత వైద్యశాలలో పనిచేయుచుండిన హెర్బర్టు ఫ్రాయిడెన్‌బర్గరు అను మనస్తత్వవేత్త తనయందును తోడి పనివారియందును ఈ స్థితిని గుర్తించి వ్రాసెను. తరువాత 1981లో క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ అను విదుషీమణులు దీనిని కొలుచుటకు ఒక ప్రశ్నావళిని సిద్ధపఱచిరి. 2019లో ప్రపంచారోగ్యసంస్థ దీనిని తన వ్యాధుల పట్టికయొక్క పదునొకండవ కూర్పునందు చేర్చినది. అయితే వ్యాధిగా కాదు, ఉద్యోగమువలన కలుగు స్థితిగా. ఈ భేదము ముఖ్యము. లోపము పనిచేయువాని దేహములోనే కాదు, పనిని ఏర్పాటు చేసిన విధములో కలదని దాని భావము.

దీని లక్షణములు మూడు. మొదటిది, నిద్రపోయినను తీఱని అలసట. రెండవది, రోగిని మనిషిగా చూడజాలకపోవుట. సుబ్బయ్యగారు “ఆఱవ నంబరు బెడ్డు” అగును. ఇది కాఠిన్యమని బంధువులు తలంతురు; కాని కాలిన చేయి రెండవమాఱు నిప్పును తాకకుండ వెనుకకు పోవుట వంటిది మాత్రమే. మూడవది, “నేను చేయుదానివలన ఎవరికిని మేలు లేదు” అను నిరాశ. నూనె యింకిన దీపమున వత్తియే కాలును. కొంతసేపు వెలుతురు ముందటివలెనే యుండును గావున చూచువారికి తెలియదు.

ఇది ఒకరిద్దఱి దౌర్బల్యము కాదు. ఫ్రాన్సు దేశపు ఐ.సి.యు.లలో రెండువేలకు పైబడిన నర్సింగు సిబ్బందిని పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసమున, ఇంచుమించు మూడవవంతు మందికి ఈ స్థితి తీవ్రముగా నున్నట్లు తేలెను. 2016లో అమెరికాలోని నాలుగు క్రిటికల్ కేరు సంఘములు కలసి విడుదల చేసిన విజ్ఞప్తిలోను, నాలుగవవంతు మొదలు మూడవవంతు వఱకు నర్సులు తీవ్రమైన లక్షణములతో నున్నారని చెప్పబడెను. కోవిడు మొదటి తాకిడి తగ్గిన పిదప, 2020 వేసవిలో ఇంగ్లండునందలి ఐ.సి.యు. సిబ్బంది 709 మందిని ప్రశ్నింపగా, నూటికి సుమారు 40 మంది చూచిన ఘోరములను మఱవజాలక బాధపడు రోగలక్షణములను తెలిపిరి. యుద్ధభూమినుండి వచ్చిన సైనికులకు కలుగు బాధయు ఇట్టిదే.

కరుణ తఱుగునా?

ఇచట ఒక సందేహము పుట్టును. ఎల్లప్పుడును పరుల బాధను చూచుచుండుటవలన కరుణయే తఱిగిపోవునా? చెఱువులోని నీరువలె తోడినకొలది అడుగంటునా? 1992 ప్రాంతమున అమెరికాలో ఒక నర్సు ఈ స్థితిని “కరుణాశ్రాంతి” అని వర్ణించెను. 1995లో చార్లెస్ ఫిగ్లీ అను పండితుడు దీనిపై గ్రంథము ప్రకటించెను. నాటినుండి కరుణ యనునది ఖర్చగు ద్రవ్యమను భావము వ్యాపించినది.

మా యభిప్రాయము వేఱు. పరుని బాధ తనకు సోకి తానును నలిగిపోవుట యొకటి. పరుని బాధను తీర్పవలెనను కోరికతో చేయి చాచుట మఱియొకటి. మొదటిది మనిషిని క్రుంగదీయును, రెండవది నిలువబెట్టును. తానియా సింగరు, ఓల్గా క్లిమెక్కి అను పరిశోధకులు జరిపిన పరీక్షలును దీనినే సూచించుచున్నవి. పరుల బాధను తామును అనుభవించుట కలవాటు చేసికొన్నవారికి ఆ చిత్రములను చూచినపుడు దుఃఖము హెచ్చెను. పిదప కరుణను, మైత్రీభావమును అభ్యసించినపుడు ఆ భారము తగ్గి మనస్సు తేఱెను. మన పూర్వులు కరుణను దౌర్బల్యముగా గాక అభ్యసింపదగిన బలముగా నెంచుటకు కారణము ఇదియే.

ఇందులకు మన దేశముననే ఒక నిదర్శనము కలదు. 1973 నవంబరులో ముంబైలోని కింగ్ ఎడ్వర్డ్ స్మారక వైద్యశాలలో ఒక యువ నర్సు ఘోరమైన అత్యాచారమునకు గురియై, మెదడు దెబ్బతిని, మంచముపాలయ్యెను. ఆమె 2015 మే నెలలో మరణించువఱకు, అనగా 41 సంవత్సరములకు పైగా, ఆ వైద్యశాల నర్సులే ఆమెను కన్నబిడ్డవలె సాకిరి. వృద్ధులై విశ్రాంతి గైకొన్నవారి స్థానమున క్రొత్తగా వచ్చిన బాలికలు ఆ భారమును తలకెత్తుకొనిరి. అన్ని యేండ్లు మంచమున పడియున్నను ఆమెకు పడకపుండ్లు పడనీయలేదు. 2011లో సుప్రీముకోర్టు వారి సేవను తన తీర్పులో ప్రత్యేకముగా కొనియాడెను. కరుణ ఖర్చగు ద్రవ్యమైనచో నలుబదియేండ్లలో అది యెన్నడో తీఱిపోవలసినది. తీఱలేదు. ఏలయన, ఆ సేవ పదిమంది పంచుకొన్నది. ఒక్కరి నెత్తిన పడినది కాదు. దాని ఫలము వారి కన్నులకు కనబడుచుండెను.

కెనడాలోని హామిల్టన్ నగరమున ఒక ఐ.సి.యు.లో 2013 ప్రాంతమున ఆరంభమైన యొక పద్ధతియు ఇట్టిదే. బ్రదుకుట దుర్లభమని తేలిన రోగికి గాని, వాని కుటుంబమునకు గాని గల మూడు చిన్న కోరికలను అడిగి తెలిసికొని సిబ్బంది తీర్తురు. ఇష్టమైన పాట వినిపించుటయో, ప్రార్థన చేయించుటయో, మనుమలను మంచమువద్దకు రానిచ్చుటయో - వ్యయము స్వల్పము. మరణము ఆగలేదు, కాని కుటుంబములకే గాక సిబ్బందికిని అది ఊరట నిచ్చినదని ఆ పద్ధతిని పరిశీలించినవారు వ్రాసిరి. అమెరికాలోని వర్జీనియాలో ఒక నర్సు, రోగి మరణించినపుడు అందఱును ఒక నిమిషము మౌనముగా నిలుచు ఆచారమును నెలకొల్పగా అది పెక్కు వైద్యశాలలకు వ్యాపించెను.

కావున నర్సును కాల్చునది కరుణ చూపుట కాదు. చూపవలెనని యున్నను చూపనీయక పోవుట. నొప్పితో మూల్గు రోగి ప్రక్కన అయిదు నిమిషములు నిలువవలెనని యామె మనస్సు చెప్పును. రెండవ మంచమువద్ద యంత్రము మ్రోగును. ఇది తప్పని తెలియును. సరిచేయు అధికారము లేదు. 1984లో ఆండ్రూ జేమ్టన్ అను తత్త్వవేత్త ఈ స్థితికి “ధర్మసంకటపు వేదన” అను నర్థముగల పేరు పెట్టెను. చేయవలసినది తెలిసియు చేయనీయని ఏర్పాటులో చిక్కుకొన్నవాని బాధ యది. ఆ రాత్రి మేము చూచిన నర్సు కన్నులలోని ఎఱుపు నిద్రలేమివలన మాత్రమే కలిగినది కాదు.

లెక్కలు చెప్పుచున్నది

ఇదంతయు మనస్సునకు సంబంధించిన సూక్ష్మవిషయమని, తమకేమని తలంచు పాఠకులుండిరేని, వారికి లెక్కలు చెప్పుదుము. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 168 వైద్యశాలలను పరిశీలించి లిండా ఐకెన్ మొదలగువారు 2002లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఒక్కొక్క నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొలది, శస్త్రచికిత్స పొందిన రోగి 30 దినములలో మరణించు సంభవము నూటికి 7 వంతున హెచ్చుచున్నదని అందు తేలినది. నర్సు మనస్సు కాలిపోవు సంభవము 23 వంతున, ఉద్యోగమునందు అసంతృప్తి 15 వంతున హెచ్చెను. ఈ మూడును ఒక్క కారణముతోనే ముడిపడియుండుట గమనింపదగినది. నర్సు క్షేమమును, రోగి ప్రాణమును వేఱువేఱు పద్దులు కావు, ఒక్క పద్దే. ఇది సామాన్యపు వార్డుల లెక్క. నిమిషమునకు ప్రాణము ముడిపడియున్న ఐ.సి.యు.లో ఎట్లుండునో పాఠకులే ఊహింపగలరు.

కాలిఫోర్నియా రాష్ట్రము 1999లో శాసనము చేసి 2004 నుండి వైద్యశాలల వార్డులన్నిటియందును నర్సులసంఖ్యను నిర్ణయించినది. అందు ఐ.సి.యు.లో ఒక్కొక్క నర్సునకు ఇద్దఱికి మించి రోగులుండరాదు. వైద్యశాలలు మూతపడునని అప్పుడు కొందఱు భయపెట్టిరి. శాసనము నేటికిని అమలులోనే యున్నది.

సంతృప్తి జీతముతోనే రాదు. 1983లో అమెరికాలో ఒక విచారణ జరిగెను. నర్సులు దొరకక వైద్యశాలలన్నియు అల్లాడుచున్న ఆ కాలమున, 41 వైద్యశాలలు మాత్రము అయస్కాంతమువలె వారిని ఆకర్షించి నిలుపుకొనుచుండెను. రహస్యమేమని పరిశీలింపగా, చాలినంత సిబ్బంది, నర్సు మాటకు విలువనిచ్చు వైద్యులు, తన పనిలో తానే నిర్ణయించుకొను స్వాతంత్ర్యము, అండగా నిలుచు పెద్ద నర్సులు - ఇవియే బయటపడెను. పైన చెప్పిన ఫ్రెంచి పరిశీలనమునను, తన సెలవుదినమును తానే ఎన్నుకొనగల నర్సులకును, పెద్దనర్సుతోను వైద్యులతోను సఖ్యత గలవారికిని ఈ బాధ తక్కువగా నున్నట్లు కనబడెను. సెలవుదినము నెన్నుకొనుట! ఇంత చౌకయగు ఔషధము వేఱొకటి కలదా?

మన దేశమున

మన దేశమున క్రిటికల్ కేరు వైద్యుల సంఘము తన మార్గసూచికలలో యంత్రముద్వారా ఊపిరి పీల్చు రోగి యొక్కొక్కనికి ఒక నర్సు ఉండవలెనని చెప్పుచున్నది. ఆ మాట కాగితముమీద కలదు. రాత్రి రెండుగంటలకు గదిలో కలదా యని అడిగి చూడవలెను.

1908లో స్థాపింపబడిన భారత శిక్షిత నర్సుల సంఘము ప్రైవేటు వైద్యశాలల నర్సుల దుస్థితిని సుప్రీముకోర్టు నెదుట నిలిపెను. 2016 జనవరిలో కోర్టు ఆజ్ఞాపింపగా కేంద్రప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము చేసిన సిఫారసులు స్పష్టములు. 200 కంటె ఎక్కువ పడకలుగల వైద్యశాలలు రాష్ట్రప్రభుత్వ నర్సులతో సమానమైన జీతమీయవలెను. 100 పైబడినవి నూటికి 10 కంటె తగ్గింపరాదు. 50 మొదలు 100 వఱకు గలవి 25 కంటె తగ్గింపరాదు. అంతకు చిన్నవాటిలోనైనను నెలకు 20,000 రూపాయలకు తక్కువ కారాదు. సెలవులు, పనిగంటలు, వసతి, రాకపోకల సౌకర్యములును ప్రభుత్వ నర్సులతో సమానముగా నుండవలెను. సిఫారసులు రాష్ట్రములకు పంపబడెను. కేరళమున నర్సులు 2017లో సమ్మెకు దిగగా 2018లో 20,000 రూపాయల కనీసవేతనము ప్రకటింపబడెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెతను ఇది నిజము చేసినది. తక్కిన చోట్ల ఆ సిఫారసులు సిఫారసులుగనే యున్న వైద్యశాలలకు కొదువలేదు.

1947 నాటి నర్సింగు కౌన్సిలు చట్టమునకు బదులు 2023లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. అది ముఖ్యముగా విద్యకును నమోదునకును సంబంధించినది. విద్య మేలైనదే. కాని బాగుగా చదివించి, బాగుగా అలయించి, తుదకు విదేశములకు పంపుటకే మనము చదివించుచున్నామా యని యడుగవలసియున్నది. ప్రపంచమున 58 లక్షల మంది నర్సులు కొఱతగా నున్నారని ప్రపంచారోగ్యసంస్థ 2025లో ప్రకటించెను. ధనికదేశములు మన ఆడబిడ్డలను చేతులు చాచి పిలుచుచున్నవి. పోవువారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. ఉండదగిన తావు నీయని మనదే తప్పు.

2020వ సంవత్సరమును పాఠకులు మఱచియుండరు. మార్చి 22వ తేదీ సాయంకాలము దేశమంతయు చప్పట్లు చఱచి, పళ్లెములు మ్రోగించెను. మే 3వ తేదీన, కోవిడు చికిత్సకు ముఖ్యస్థానమైయుండిన సికిందరాబాదు గాంధీ వైద్యశాలపై వైమానికదళపు హెలికాప్టరు పూలు చల్లెను. ఆ దినములలోనే దేశమున పలుచోట్ల వైద్యులను, నర్సులను అద్దెయిండ్లు ఖాళీచేయుడని యజమానులు ఒత్తిడిచేసిరి. వైద్యసిబ్బందిపై దౌర్జన్యము చేసినవారికి ఏడేండ్లవఱకు శిక్ష విధించునట్లు ఏప్రిలు నెలలో ప్రభుత్వము అత్యవసరశాసనము చేయవలసివచ్చెను. ఆకాశమునుండి పూలు, గుమ్మమునుండి గెంటివేత! ఇండ్లును, ఆస్తులును గల మన తరగతివారే ఆ యజమానులని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము.

రెండు ఆక్షేపణలు

“సేవ చేయుదానికి జీతమును గూర్చిన చింత తగునా?” అని కొందఱు పెద్దలందురు. పాఠము చెప్పు పంతులుగారికిని, ధర్మము చెప్పు న్యాయాధిపతికిని జీతము తగినపుడు, ప్రాణము నిలుపుదానికి తగకపోవుటకు కారణము మాకు తోచలేదు. ఈ వృత్తిలో అధికసంఖ్యాకులు స్త్రీలగుటయే కారణమైనచో, అది ధర్మము కాదు; అలవాటు మాత్రమే. ఇంటిలో తల్లి చేయు సేవకు వెలకట్టలేదు గావున వైద్యశాలలో కూతురు చేయు సేవకును వెల తగ్గింతుమనుట న్యాయము కాదు. నర్సింగు చదివిన పిల్లను కోడలిగా తెచ్చుకొనుటకు సంశయించుచు, తమకు జబ్బు చేసినపుడు మాత్రము ఆ పిల్ల చేతి నీటికై ఎదురుచూచు కుటుంబములు నేటికిని లేకపోలేదు.

“అదనముగా నర్సులను నియమించిన ఖర్చు హెచ్చును, ఆ భారము రోగిమీదనే పడును” అనునది రెండవ ఆక్షేపణము. ఇది ఆలోచింపదగినదే. కాని మానివేసి పోవు నర్సు స్థానమున క్రొత్తదానిని తెచ్చి ఐ.సి.యు. పనిలో తీర్చుటకు నెలలు పట్టును; ఆ నెలలలో జరుగు పొరపాట్లకు వెల ఎవరు చెల్లించుచున్నారు? పడకపుండ్లతోను, క్రొత్తగా సోకిన ఊపిరితిత్తుల వ్యాధితోను రోగి అధికముగా గడపు దినములకు పైకము ఎవరిది? ఎకరములమ్మి చెల్లించునది మనమే. చూరు కారుచుండగా గోడలకు సున్నము వేయుట పొదుపు కాదు.

చేయదగినది

ప్రభుత్వములను మేము కోరునవి మూడు. ఐ.సి.యు.లో ఒక్కొక్క పూటకు నర్సుల కనిష్ఠసంఖ్యను శాసనముచేత నిర్ణయించి, ఆ సంఖ్యను ప్రతి దినము తలుపుమీద పలకపై వ్రాయింపవలెను. 2016 సంఘపు సిఫారసులను అమలుచేయని వైద్యశాలలకు ప్రభుత్వపు ఆరోగ్యపథకముల పైకము నిలుపవలెను. ప్రభుత్వ వైద్యశాలలలో ఖాళీలను ఏండ్లకొలది ఒప్పందపు నియామకములతో పూడ్చు పద్ధతిని మానవలెను.

వైద్యశాలల యజమానులను కోరునవి ఖర్చులేనివే. రాత్రి డ్యూటీలను ముందుగా తెలిపి, సెలవుదినమును ఎన్నుకొననీయుడు. రోగి మరణించిన పిదప ఆ నర్సునకు పది నిమిషములు విరామమీయుడు. “ఈ మందు సరికాదేమో” అని నర్సు అనిన వైద్యుడు కోపింపక వినునట్లు చేయుడు. నెలకొకమాఱు వారిని కూర్చుండబెట్టి, మనస్సులోని మాట చెప్పుకొననీయుడు. చెప్పినదానిని వారిమీద ప్రయోగింపకుడు.

మన వంతును కలదు. పాఠకులలో పెక్కుమంది వైద్యశాలలకు దాతలు, ధర్మకర్తలు, ఊరి పెద్దలు. గోడమీద దాతపేరు చెక్కించు చలువరాయికి బదులు, ఒక రాత్రి నర్సునకు జీతము నేర్పాటుచేసినచో ఆ దానము ఎక్కువ ప్రాణములను కాచును. బంధువును ఐ.సి.యు.లో చేర్చునపుడు “పెద్ద డాక్టరు ఎవరు?” అని అడుగుదుము, “ఎన్ని యంత్రములున్నవి?” అని అడుగుదుము. ఇకమీదట మూడవ ప్రశ్నను గూడ అడుగుదము: “ఈ రాత్రి ఎందఱు రోగులకు ఒక సిస్టరు?” ఈ ప్రశ్నను పదిమంది అడిగిన వైద్యశాల విని తీరును. నర్సు చెప్పిన వినని ఆఫీసు, డబ్బు కట్టువాడు చెప్పిన వినును.

ఆ రాత్రి వరండాలో మా ప్రక్కనున్న రైతు, తెల్లవాఱిన పిదప తలపాగ సర్దుకొని, మెట్లు దిగి, నేరుగా ఆఫీసు గదికి బోయెను. ఏమి మాటలాడెనో మేము వినలేదు. మేము మాత్రము ఆ దినమున పోలేదు. ఆ లోపమును ఈ వ్యాసముతో కొంతయైనను దిద్దుకొనుచున్నాము. చికిత్సకు నాలుగవ పాదము ఇటుకముక్క కారాదు. నర్సును దేవతయని పిలుచుట మాని, తోడి మనిషియని గుర్తించి, ఆమె అడిగిన ఆ ఇంకొక మనిషిని ఆమెకు తోడుగా నిలుపుటయే నిజమైన సన్మానము.